హృదయ ధర్మ శోధకుడు ఎర్నెస్ట్ స్టార్లింగ్

కమ్మరి కుడిచేయి ఎడమచేతికంటె లావుగా కనిపిస్తే అది అతని వృత్తి ఇచ్చిన బలమని ఎవరైనా గ్రహిస్తారు. మల్లయోధుని తొడ, బరువులు మోసే కూలి భుజం పనివలన పెరిగినవే. పెరిగినకొద్దీ మరింత పనికి వచ్చేవే. కండరం ఎంత పెద్దదైతే బలం అంత ఎక్కువ అని లోకం అనుకోవడంలో వింత లేదు. కాని మానవదేహంలో ఒక్క కండరం విషయంలో ఈ లెక్క నమ్మదగినది కాదు. అది హృదయం. గుండె పెద్దదైనదని వైద్యుడు చెప్పినప్పుడు ఆ యింటివారు సంతోషించరు; కలవరపడతారు. ఆ కలవరం నిష్కారణం కాదు. అయితే పెద్దదైన ప్రతి గుండే బలహీనమైనదా అంటే అదీ నిజం కాదు.

హృదయం రెండు విధాల పెరుగుతుంది. చాలకాలం అధికమైన రక్తపోటును ఎదిరించి పనిచేసినప్పుడు దాని గోడలు దళసరి అవుతాయి. మరికొన్ని సందర్భాలలో గోడలు అంతగా దళసరి కాకుండానే లోపలి గదులు వెడల్పై, గుండె నీరు నిండిన తిత్తివలె ఉబ్బుతుంది. ఏ విధంగా పెరిగినా వైద్యుని ముందు నిలిచే ప్రశ్న ఒక్కటే. ఈ పెరిగిన కండరం ఎంత బాగా ముడుచుకుంటున్నది? పక్కటెముకల చాటున దాగిన ఆ శక్తిని కొలవడం ఎట్లా? ఈ ప్రశ్నకు శాస్త్రీయమైన పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు ఆంగ్లేయ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ హెన్రీ స్టార్లింగ్.

బాల్యము - విద్య

స్టార్లింగ్ 1866 ఏప్రిల్ 17వ తేదీన లండను నగరంలో జన్మించాడు. తండ్రి మాథ్యూ హెన్రీ స్టార్లింగ్ బారిస్టరు. ఆయన బొంబాయిలో న్యాయస్థానానికి సంబంధించిన ఉద్యోగంలో చాల సంవత్సరాలు గడిపాడు. సముద్రాల కావల ఉన్న తండ్రి ఇంటికి రావడం అరుదు. అందుచేత పిల్లల పెంపకమంతా తల్లిమీద పడింది. స్టార్లింగ్ కింగ్స్ కాలేజి పాఠశాలలో చదివి, పదహారవ ఏట, 1882లో, గైస్ ఆసుపత్రికి అనుబంధమైన వైద్య విద్యాలయంలో చేరాడు.

ఆ రోజులలో ఇంగ్లండులోని పెద్ద ఆసుపత్రులలో రోగి మంచం పక్కన నిలబడే వైద్యునికున్న గౌరవం ప్రయోగశాలలో కూర్చున్నవానికి లేదు. గైస్ ఆసుపత్రిలో ప్రయోగాలకు చాలినంత వసతి కూడ లేదు. 1885 వేసవిలో స్టార్లింగ్ జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరానికి వెళ్లి విల్హెల్మ్ క్యూనే అనే ప్రసిద్ధ ఆచార్యుని వద్ద పనిచేశాడు. దేహం ఎట్లా పనిచేస్తున్నదో కొలిచి చూడడం ఒక స్వతంత్ర శాస్త్రమని, వైద్యానికి అదే పునాది కావాలని ఆయన మనసులో అప్పుడు నాటుకున్నది. 1889లో వైద్యపట్టం పుచ్చుకున్న తరువాత, ధనం తెచ్చిపెట్టే వైద్యవృత్తిని వదలుకొని, అంతగా ఆదాయం లేని ప్రయోగశాలనే ఎన్నుకొన్నాడు. 1891లో ఫ్లారెన్స్‌ను వివాహమాడాడు. అకాలమరణం పొందిన లియొనార్డ్ వూల్‌డ్రిజ్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుని భార్య ఆమె. ఆమె భర్త పరిశోధనలకు చేదోడు వాదోడుగా నిలిచింది.

బేలిస్ స్నేహము

1890 ప్రాంతంలో లండను యూనివర్సిటీ కాలేజిలో స్టార్లింగ్‌కు విలియం బేలిస్‌తో పరిచయం కలిగింది. బేలిస్ సంపన్నుడు, నెమ్మదైనవాడు, ప్రతి అడుగూ తూచి వేసేవాడు. స్టార్లింగ్ చురుకైనవాడు, తొందరపాటు గలవాడు, అనుకొన్నది వెంటనే చేసి చూడవలెనన్న తపన గలవాడు. ఈ రెండు స్వభావాలూ పాలునీళ్లవలె కలిశాయి. 1893లో బేలిస్ స్టార్లింగ్ సోదరి గెర్‌ట్రూడ్‌ను పెండ్లాడడంతో స్నేహం బంధుత్వమైనది. గుండె కొట్టుకొనేటప్పుడు పుట్టే స్వల్పమైన విద్యుత్తును నమోదు చేయడం వీరిద్దరి తొలి కృషిలో ఒక భాగం.

1896లో స్టార్లింగ్ ఒక్కడే మరొక ముఖ్యమైన విషయాన్ని వెల్లడించాడు. వెండ్రుకకంటె సన్ననైన కేశనాళికలలో ప్రవహించే రక్తంనుండి నీరు వెలుపలి కణజాలంలోకి ఎందుకు పోతుంది, మరల ఎందుకు తిరిగి వస్తుంది అన్నది ఆనాటి సమస్య. నాళికలోని రక్తపోటు నీటిని బయటికి నెడుతుందనీ, రక్తంలో కరిగివున్న మాంసకృత్తులు దానిని లోపలికి లాగుతాయనీ, ఈ రెండింటి తూకంమీదనే దేహంలోని తేమ ఆధారపడి ఉన్నదనీ ఆయన చూపాడు. గుండె బలహీనమై సిరలలో పోటు పెరిగినప్పుడు రోగి కాళ్లు ఎందుకు వాస్తాయో ఈ సూత్రంతో బోధపడింది.

1899లో స్టార్లింగ్ యూనివర్సిటీ కాలేజిలో శరీరధర్మ శాస్త్రాచార్యుడయ్యాడు. 1902 జనవరిలో ఆయనా, బేలిస్సూ కలిసి చేసిన ప్రయోగం శాస్త్రలోకాన్ని ఆశ్చర్యపరిచింది. జీర్ణకోశంనుండి ఆమ్లం చిన్నప్రేగులోకి దిగగానే క్లోమం రసాన్ని స్రవిస్తుంది. ఈ వార్తను నాడులే చేరవేస్తాయని అప్పటి విశ్వాసం. వారు ప్రేగు ముక్కకు పోయే నాడులన్నీ తెంచివేసి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమం స్రవించింది. అనగా వార్తను తెచ్చినది నాడి కాదు, రక్తంలో ప్రయాణించిన ఒక రసాయన పదార్థం. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇట్టి పదార్థాలన్నింటికీ వర్తించే హార్మోను అన్న మాటను, ప్రేరేపించడమనే అర్థమిచ్చే గ్రీకు ధాతువునుండి తీసి, 1905 నాటి ఉపన్యాసాలలో లోకానికి పరిచయం చేసినవాడు స్టార్లింగే.

ఈ కీర్తివెంట ఒక వివాదం కూడ వచ్చింది. సెక్రెటిన్ పరిశోధనకు కుక్కలను వాడేవారు. 1903లో బేలిస్ విద్యార్థుల ఎదుట చేసిన ఒక ప్రయోగంలో కుక్కకు చాలినంత మత్తుమందు ఇవ్వలేదని జంతుహింసా వ్యతిరేకులు బహిరంగంగా ఆరోపించారు. బేలిస్ పరువునష్టపు దావా వేసి గెలిచాడు. న్యాయస్థానం ఆయనకు 2,000 పౌన్ల పరిహారం ఇప్పించింది. కాని అదే కుక్కపై అంతకు ముందు తాను ఒక శస్త్రచికిత్స చేసినట్లు స్టార్లింగ్ సాక్ష్యంలో చెప్పవలసివచ్చింది. ఒకే జంతువును రెండుమార్లు వాడడం చట్టానికి విరుద్ధమనీ అంగీకరించాడు. మరొక కుక్కను బలిచేయడం ఇష్టంలేక అట్లా చేశానన్నది ఆయన సమాధానం. జ్ఞానానికి చెల్లించే మూల్యం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న ఆ తీర్పుతో ముగియలేదు. గుండెపై ఆయన తరువాత చేసిన ప్రయోగాలు కూడ మత్తులో ఉంచిన కుక్కలపై చేసినవే.

హృదయాన్ని కొలిచే యత్నము

గుండెను కొలవవలెనన్న కోరిక స్టార్లింగ్‌తో పుట్టినది కాదు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు గుర్రపు ధమనిలో గాజుగొట్టం నిలిపి రక్తం ఎంత ఎత్తు లేస్తుందో చూసి, ఆ ఫలితాలను 1733లో ప్రచురించాడు. జర్మనీలో కార్ల్ లుడ్విగ్ 1847లో, తిరిగే పీపాపై రక్తపోటు తనంతట తాను గీతలు గీసుకొనే యంత్రాన్ని నిర్మించాడు. 1895లో ఓటో ఫ్రాంక్ కప్ప గుండెను తీసుకొని, ముడుచుకొనే ముందు దాన్ని ఎంత నింపితే లోపల అంత హెచ్చు పోటు పుడుతుందని, అదీ ఒక మేరవరకే అని చూపాడు.

అయితే కప్ప గుండె వేరు, క్షీరదాల గుండె వేరు. సజీవ దేహంలో గుండెను పరిశీలించబోతే ఒక చిక్కు ఎదురవుతుంది. సిరలనుండి వచ్చే రక్తం పెరిగితే ధమనులలో పోటు మారుతుంది. పోటు మారితే నాడులు నాడివేగాన్ని మారుస్తాయి. వేగం మారితే వచ్చే రక్తం మరల మారుతుంది. అన్నీ ఒక్కసారిగా కదలుతూ ఉంటే ఏది కారణం, ఏది కార్యం అని ఎట్లా చెప్పడం? ఒక్కదానిని మాత్రమే మార్చి, తక్కినవన్నీ కదలకుండ నిలిపే ఉపాయం కావాలి.

ఆ ఉపాయమే 1910 తరువాత స్టార్లింగ్ సహచరులతో కలిసి రూపొందించిన గుండె - ఊపిరితిత్తుల ఏర్పాటు. మత్తులో ఉన్న జంతువులో గుండెను, ఊపిరితిత్తులను మాత్రం వాటి స్థానంలోనే ఉంచి, తక్కిన దేహానికి పోయే రక్తమార్గాన్ని తప్పించారు. గుండె ధమనిలోకి చిమ్మిన రక్తం గొట్టాల ద్వారా బయటికి వస్తుంది. అక్కడ సన్నని రబ్బరు గొట్టం ఒకటి వెడల్పైన గాజుగొట్టంలో అమర్చివున్నది. ఆ రెండింటి నడుమ గాలి నింపితే రబ్బరు నొక్కుకొని రక్తానికి అడ్డు పెరుగుతుంది. గాలి వదలితే అడ్డు తగ్గుతుంది. అక్కడినుండి రక్తం వెచ్చని నీటిలో ఉన్న చుట్టగొట్టం గుండా పోయి, ఎత్తుగా అమర్చిన పాత్రలో చేరుతుంది. ఆ పాత్రనుండి సిర ద్వారా తిరిగి గుండె కుడివైపుకు వచ్చి, ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పుచ్చుకొని, ఎడమవైపుకు చేరుతుంది.

ఈ ఏర్పాటులో మూడు విషయాలు ప్రయోగకర్త చేతిలో ఉన్నాయి. పాత్రనుండి వచ్చే రక్తాన్ని హెచ్చించి తగ్గించవచ్చు. రబ్బరు గొట్టంతో ధమనిలోని అడ్డును మార్చవచ్చు. రక్తపు వేడిని మార్చి నాడివేగాన్ని స్వాధీనంలో ఉంచుకోవచ్చు. ఇక గుండె జఠరికల చుట్టూ ఒక పాత్రను బిగించి, దానిని గాలిగొట్టంతో గీతలు గీసే పరికరానికి కలిపారు. గుండె ఉబ్బినా ముడిగినా ఆ కదలిక మసిపూసిన కాగితంమీద గీతగా పడేది. ప్రతి స్పందనకూ గుండె ఎంత నిండినది, ఎంత ఖాళీ అయినది అన్న లెక్క ఆ విధంగా కంటికి కనబడింది.

హృదయ ధర్మము

పాటర్సన్, పైపర్ అనే సహచరులతో కలిసి 1914లో స్టార్లింగ్ ప్రకటించిన ఫలితాలు ఇట్లా ఉన్నాయి. సిరలనుండి వచ్చే రక్తాన్ని హెచ్చిస్తే మొదటి కొన్ని స్పందనలలో వచ్చినంత రక్తాన్ని గుండె బయటికి పంపలేదు. కొంత లోపల మిగిలిపోయి గుండె ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ తరువాతి సంకోచం బలపడుతుంది. కొద్దిసేపటికి వచ్చినదంతా పంపగల స్థితికి చేరుతుంది.

ఇక వచ్చే రక్తాన్ని మార్చక ధమనిలో అడ్డును మాత్రమే పెంచితే ఏమవుతుంది? అప్పుడూ మొదటి స్పందనలలో గుండె పూర్తిగా ఖాళీ కాలేదు. మిగిలిన రక్తానికి కొత్తగా వచ్చిన రక్తం తోడై గుండె ఉబ్బుతుంది. ఆ వెనుక పెరిగిన అడ్డును జయించి ఎప్పటివలె రక్తాన్ని పంపసాగుతుంది. రెండు ప్రయోగాలలో కారణాలు వేరు. కాని గుండెలో జరిగిన మార్పు ఒక్కటే. ముడుచుకొనే ముందు దాని కండరపు నారలు సాగాయి. నార ఎంత సాగితే, ఒక మేరవరకు, సంకోచశక్తి అంత హెచ్చుతుంది. దీనినే హృదయ ధర్మమని స్టార్లింగ్ పేర్కొన్నాడు. ఓటో ఫ్రాంక్ కృషిని కూడ స్మరించి నేటివారు దీనిని ఫ్రాంక్ - స్టార్లింగ్ సూత్రమంటారు.

ఈ సూత్రంలో ఇమిడివున్న మరొక అంశం వైద్యునికి మరింత విలువైనది. ప్రయోగం గంటల తరబడి సాగినప్పుడు గుండె అలసిపోతుంది. అలసిన గుండె కూడ చాలసేపు మునుపటివలెనే రక్తాన్ని పంపుతూనే ఉంటుంది. బయటికి వచ్చే రక్తాన్ని మాత్రమే కొలిచేవానికి ఏ లోపమూ కనబడదు. కాని దాని చుట్టూ ఉన్న పాత్ర అసలు సంగతి చెబుతుంది. అదే పనిని చేయడానికి ఆ గుండె మునుపటికంటె ఎక్కువ ఉబ్బవలసి వస్తున్నది. అనగా ఒక గుండె ఎంత పని చేసినదన్నది చాలదు. ఎంత సాగి ఆ పని చేసినదన్నది కూడ తెలియాలి. తక్కువ సాగి ఎక్కువ పని చేసేది బలమైన గుండె. అదే పనికి ఎక్కువ సాగేది బలహీనమైనది. ఉబ్బడం గుండెకు ఆపత్సమయంలో సహాయం, చూసేవానికి హెచ్చరిక. ఈ రెండూ ఒక్క గీతలో కనిపించేట్లు చేయడమే స్టార్లింగ్ సాధించిన గొప్ప విజయం.

1915లో కేంబ్రిడ్జిలో లినెకర్ స్మారకోపన్యాసమిస్తూ ఆయన ఈ విషయాన్ని సమగ్రంగా వివరించాడు. అది 1918లో పుస్తకంగా వెలువడింది.

యుద్ధకాలము - చివరి సంవత్సరాలు

ఈలోగా మొదటి ప్రపంచయుద్ధం ఆ ప్రయోగశాల తలుపులు మూయించింది. స్టార్లింగ్ సైనిక వైద్యదళంలో చేరి విషవాయువులనుండి సైనికులను కాపాడే మార్గాలపై పనిచేశాడు. శాస్త్రమెరుగని అధికారుల తీరు ఆయనకు సహించరానిదైనది. ఆ మాట దాచుకొనే స్వభావమూ కాదు. గ్రీసులోని సలోనికా రంగంలో కొంతకాలం గడిపి, 1917లో తిరిగి వచ్చిన తరువాత రాయల్ సొసైటీ ఆహార సంఘానికి అధ్యక్షత వహించి, దేశ ప్రజలకు కావలసిన ఆహారపు లెక్కలు తయారు చేయడానికి తోడ్పడ్డాడు. 1919లో ఓడిపోయిన జర్మనీకి వెళ్లి అక్కడి ప్రజల ఆహారలోపాన్ని పరిశీలించి నివేదిక సమర్పించాడు. పాలకులు కాబోయేవారికి ప్రాచీన భాషలు మాత్రమే నేర్పి ప్రకృతిశాస్త్రాలను విస్మరించే విద్యావిధానాన్ని ఆయన తీవ్రంగా విమర్శించాడు. విజ్ఞానం లేని పాలన ఎంత ప్రాణనష్టానికి దారితీస్తుందో యుద్ధంలో ఆయన కన్నులారా చూశాడు.

1920లో ఆయనకు పెద్దప్రేగులో వ్రణం బయటపడి, పెద్ద శస్త్రచికిత్స జరిగింది. దేహం కుంగినా పని ఆగలేదు. 1922లో రాయల్ సొసైటీవారి ఫౌలర్టన్ పరిశోధనాచార్య పదవి లభించింది. మూత్రపిండాలపై వెర్నీతో, హృదయం వినియోగించే ప్రాణవాయువుపై విషర్‌తో కలిసి పనిచేశాడు. గుండె ఎంత ఉబ్బితే అంత ప్రాణవాయువు ఖర్చవుతుందని ఈ చివరి పరిశోధన తెలిపింది. అలసిన గుండె ఉబ్బి పని నెట్టుకువస్తున్నప్పటికీ, ఆ పనికి చెల్లించే మూల్యం హెచ్చని దీనివలన రుజువైంది. 1927లో ఆరోగ్యం కోసం సముద్రయానం చేస్తూ, ఓడ జమైకాలోని కింగ్‌స్టన్ రేవును సమీపిస్తున్న వేళ, మే 2వ తేదీన ఆయన మరణించాడు. అక్కడే సమాధి చేశారు. నోబెల్ బహుమానం ఆయనను వరించలేదు.

తరువాతి కాలము

స్టార్లింగ్ చెప్పినదంతా మార్పులేకుండా నిలిచిందనడం సత్యం కాదు. నాడులను తప్పించిన గుండెపై ప్రయోగాలు చేసినందువలన, సజీవ దేహంలో నాడులకు, ఎడ్రినలిన్‌కు ఉన్న పాత్ర ఆ ఫలితాలలో తక్కువగా కనిపించింది. 1954లో అమెరికాలో సార్నాఫ్, బెర్గ్‌లండ్ ఒకే గుండెకు ఒక గీత కాదు, గీతల కుటుంబమే ఉన్నదని చూపారు. నాడులు ప్రేరేపించినప్పుడు గుండె పైగీతకు ఎక్కుతుంది. జబ్బుపడినప్పుడు కిందిగీతకు దిగుతుంది. అట్లే, ఏళ్ల తరబడి పెద్దదైన గుండె నారలు మితిమీరి సాగినందువలననే బలహీనపడతాయనుకోవడం సరికాదనీ తేలింది. అట్టి గుండెలో కొత్త భాగాలు చేరి నారలు పొడవవుతాయి. బలహీనత కండరంలోనే ఉంటుంది. గది వెడల్పైనకొద్దీ అదే పోటును పుట్టించడానికి గోడ హెచ్చు బిగువును భరించవలసి రావడం మరొక భారం.

కొలిచే సాధనాలు కూడ మారాయి. 1953లో స్వీడనులో ఎడ్లర్, హెర్ట్స్ చెవికి వినిపించని ధ్వనితరంగాలను గుండెపైకి పంపి, వాటి ప్రతిధ్వనితో గోడల కదలికను చూడగలిగారు. నేడు వైద్యుడు రోగికి గాయం చేయకుండానే గుండె ఎంత నిండినదీ, ఎంత ఖాళీ అయినదీ లెక్కించగలడు. ఒక ఆరోగ్యవంతుని ఎడమ జఠరిక 120 మిల్లీలీటర్ల రక్తంతో నిండి 70 చిమ్మినదనుకొంటే, అది నూటికి 58 వంతులు. ఒక రోగి గుండె ఉబ్బి 240 మిల్లీలీటర్లతో నిండి అదే 70 చిమ్మితే, అది నూటికి 29 వంతులే. బయటికి వచ్చిన రక్తం రెండింటిలో సమానం. గుండెల స్థితి మాత్రం సమానం కాదు. ఇక బాగా సాధన చేసిన పరుగుపందెగాని గుండె 180 మిల్లీలీటర్లతో నిండి 105 చిమ్మితే, అదీ నూటికి 58 వంతులే. అతని గుండె పెద్దదే, కాని రోగిది కాదు. సాధారణంగా నూటికి 50 వంతులకు పైగా చిమ్మే గుండెను తృప్తికరమైనదిగా ఎంచుతారు.

ఈ లెక్కకూ ఒక పరిమితి ఉన్నది. గోడలు దళసరియైన గుండెలో లోపలి గది ఇరుకైపోతుంది. అది 90 మిల్లీలీటర్లతో నిండి 54 చిమ్మితే నూటికి 60 వంతులై, చూడడానికి నిక్షేపంగా ఉంటుంది. అయినా ఆ దళసరి గోడలోని ఒక్కొక్క నార మామూలుకంటె తక్కువ పొట్టి కావచ్చు. గోడ మందం ఆ లోపాన్ని కప్పిపుచ్చుతుంది. అందుచేతనే నేటి వైద్యులు గది లెక్కతో తృప్తిపడక, గోడలోని నారలు నిడివిలో ఎంత తగ్గుతున్నవో కూడ ప్రతిధ్వని చిత్రాలలో కొలుస్తున్నారు. ఇది కొత్త పరికరంతో వేసిన పాత ప్రశ్న. నార పొడవు ఎంత, దాని శక్తి ఎంత అని మసికాగితంపై గీతలు చూస్తూ స్టార్లింగ్ వేసుకొన్న ప్రశ్న అదే.

పెద్దదైన గుండె ఎదురైనప్పుడు దాని పరిమాణం చూసి భయపడడమూ, అది చిమ్మే రక్తం చూసి ధైర్యపడడమూ రెండూ చాలవని, ఒకదానిని మరొకదానితో సరిచూసి కాని తీర్పు చెప్పరాదని వైద్యలోకానికి నేర్పినవాడు స్టార్లింగ్. నేడు ప్రతి వైద్య విద్యార్థీ మొదటి సంవత్సరంలోనే నేర్చుకొనే ఆ వంపుగీతకు ఆయన పేరు నిలిచివున్నది.